పెద్ద రైడ్ చివర కొనండి: వరంగల్ వైపు అమ్యూజ్‌మెంట్ పార్కును పెంచే వరుస

పదీ పదిహేనెకరాల జాగా. ఒక జెయింట్ వీల్, కొలంబస్ అనే ఊగే పడవ, బ్రేక్ డ్యాన్స్, డ్యాషింగ్ కార్లు, పిల్లల రైలు, ఆ పక్కన నాలుగు స్లైడ్లు, ఒక కొలను, రెయిన్ డ్యాన్స్. మే నెల ఆదివారాల్లో కాలు పెట్టే సందుండదు. ఆగస్టులో ఓ మంగళవారం పోతే వచ్చినవాళ్లకంటే సిబ్బందే ఎక్కువ కనిపిస్తారు. వరంగల్, కరీంనగర్, మంచిర్యాల వైపు ఇట్లాంటి పార్కు మీ చేతిలో ఉండి, దాన్ని పెంచే ఆలోచన ఉంటే పనులు ఏ వరుసలో చేయాలో చెబుతాను. చాలామంది చిట్టచివర చేయాల్సిన పనితో మొదలుపెడతారు. రైడ్లు అమ్మే ఎక్స్‌పోకు పోయి, మెరిసే రోలర్ కోస్టర్ చూసి, అడ్వాన్స్ కట్టి వస్తారు. వరుస తప్పేది అక్కడే.

మన దగ్గర పార్కుకు జంటగా, దోస్తులతో వచ్చేవాళ్లు కొందరే. మహబూబాబాద్ నుంచో పరకాల నుంచో బండి మాట్లాడుకుని పది మంది దిగుతారు. అందులో రైడ్లు ఎక్కేది నలుగురైదుగురు. మిగిలింది నాయనమ్మ, మోకాళ్ల నొప్పుల పెద్దనాన్న, చంటిపిల్ల తల్లి, బ్యాగులకూ చెప్పులకూ కాపలా కూర్చున్న చిన్నమ్మ. వచ్చే ఏడు మళ్లీ రావాలా వద్దా అని ఇంట్లో తేల్చేది ఎక్కువగా వీళ్లే. అందుకే కింద చెప్పే ప్రతి పనికీ నా కొలత ఒక్కటే: రైడ్ ఎక్కని మనిషి మీ పార్కులో ఆరు గంటలు తిట్టుకోకుండా ఉండగలగాలి.

మొదటి పని: రిజిస్టర్ పట్టుకుని గేటు దగ్గర కూర్చోండి

టికెట్ల అమ్మకం లెక్క మీ దగ్గర ఉండే ఉంటుంది. అది చాలదు. ఒక సీజన్ ఆదివారం, ఒక మామూలు శనివారం, ఒక స్కూలు పిక్నిక్ రోజు ఎంచుకుని ఈ ఐదూ రాయించండి: ఒక్కో గుంపులో ఎంతమంది, అందులో పిల్లలూ పెద్దవాళ్లూ ఎందరు, ఏ ఊరు, లోపలికి వచ్చిన సమయం, బయటికి పోయిన సమయం. బయటికి పోయేటప్పుడు “ఎందుకు పోతున్నరు?” అని ఒక్క ప్రశ్న అడిగించండి. “ఎండ”, “ఆకలి”, “లైన్లు”, “ఆఖరి బస్సు” అనే నాలుగు జవాబుల్లోనే చాలా వరకు తేలిపోతుంది. ఏది ఎక్కువ వస్తే మీ మొదటి ఖర్చు అటు పోవాలి.

ఏడాది మొత్తం రోజువారీ జనాన్ని ఎక్కువ నుంచి తక్కువకు వరుసగా రాసుకోండి. అన్నిటికంటే రద్దీ ఉన్న రోజును పట్టుకుని పార్కు కట్టొద్దు. ఆ ఒక్క రోజు కోసం కట్టిన బాత్రూములు, పార్కింగ్ మిగతా ఏడాదంతా ఖాళీగా పడి ఉంటాయి. పైనుంచి పదిహేనో ఇరవయ్యో రోజు దగ్గర ఎంత జనం ఉందో చూసి, దానికి సరిపోయేలా ప్లాన్ చేయండి. అంతకంటే ఎక్కువ వచ్చే రోజుల్లో ఒక హద్దు దాటాక టికెట్లు ఆపేయాలి. గేటు దగ్గర నలుగురు కోప్పడతారు. లోపల రెండు వేల మంది కోప్పడడం కంటే అది నయం.

తర్వాత రైడ్ల సామర్థ్యం. మీ కొలంబస్‌లో 32 సీట్లు ఉన్నాయనుకుందాం. ఊపు మూడు నిమిషాలు. ఎక్కించడానికి, దించడానికి, ఒడి మీద అడ్డంగా పడే బార్లు వేయడానికి నాలుగు నిమిషాలు. ఒక ట్రిప్పు ఏడు నిమిషాలు కాబట్టి గంటకు ఎనిమిది ట్రిప్పులు, 256 మంది. ఇప్పుడు ఎక్కే మెట్ల దగ్గర స్టీలు రెయిలింగుతో చిన్న గది కట్టి, తర్వాతి 32 మందిని లెక్కపెట్టి ముందే అందులో నిలబెట్టండి. దిగేదారి వేరుగా పెట్టండి. ఎక్కించే సమయం రెండున్నర నిమిషాలకు దిగితే ట్రిప్పు ఐదున్నర నిమిషాలు, గంటకు పది ట్రిప్పులు, 320 మంది. ఒక రెయిలింగు, ఒక మనిషి జీతం ఖర్చుతో ఆ రైడ్ నాలుగో వంతు పెరిగింది. ఈ పని అన్ని రైడ్లకూ చేయకుండా కొత్తది కొనొద్దు. బార్లు వేసి, లాగి చూసే సమయంలో మాత్రం ఒక్క సెకను కూడా కోయకండి. ఆదా అంతా జనాన్ని నిలబెట్టే పద్ధతిలోంచే రావాలి.

అన్ని రైడ్ల గంట సామర్థ్యాన్ని కూడి, రద్దీ వేళ లోపల ఉన్న జనంతో భాగించండి. ఒకటి కంటే తక్కువ వస్తే మనిషికి గంటకు ఒక్క రైడ్ కూడా దక్కట్లేదన్న మాట. ఒకటిన్నర దాకా తెస్తే జనం తృప్తిగా పోతారని నా అభిప్రాయం.

రెండో పని: నీడ, బాత్రూములు, సద్ది

ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే పార్కులు ఎక్కువగా ఓడిపోయేది ఇక్కడే.

మన ఉత్తర తెలంగాణలో ఏప్రిల్, మే నెలల్లో ఎండ 42 డిగ్రీలు దాటడం మామూలే, కొన్ని రోజులు 45 కూడా తాకుతుంది. సరిగ్గా అదే మీ సీజన్. ముదురు రంగు టైల్స్, ఎర్ర కాంక్రీటు మీద వాటర్ జోన్ నుంచి ఉత్త కాళ్లతో వచ్చే పిల్లవాడి అరికాళ్లు బొబ్బలెక్కుతాయి. కొలను చుట్టూ, స్లైడ్ మెట్ల దాకా నడిచే దారి లేత రంగులో, గరుకుగా ఉండాలి. ఆ దారి పొడవునా సన్నటి చిల్లుల పైపు వేసి గంటకోసారి తడపండి. వచ్చే నీళ్లను మళ్లీ కొలను ఫిల్టర్‌కు కాక మొక్కలకు మళ్లించండి.

క్యూలన్నీ నీడలో ఉండాలి. గ్రీన్ నెట్ కడితే తక్షణం పని అవుతుంది, కానీ ఏప్రిల్ సాయంత్రాల్లో గాలిదుమారం, వడగళ్లు వచ్చినప్పుడు చిరిగిపోతుంది, ఒక్కోసారి స్తంభాలతో సహా లేస్తుంది. రేకుల షెడ్డు వేస్తే ఎత్తుగా వేయండి, కింద వేడి నిలవకుండా. అసలు నీడ చెట్లదే. కానుగ, వేప, పొగడ మన నేలకు అలవాటైనవి. తురాయి చెట్లు పూస్తే బాగుంటాయి గానీ గాలికి కొమ్మలు విరుగుతాయి, క్యూ మీద పెట్టకండి. కోనోకార్పస్ జోలికి పోకండి. ఇంకా ముఖ్యం: మూడేళ్ల తర్వాత ఎక్కడ విస్తరిస్తారో ఆ భాగంలో చెట్లు ఈ వానాకాలమే నాటాలి. కాంక్రీటు ఆరు నెలల్లో వస్తుంది, నీడకు నాలుగైదేళ్లు పడుతుంది.

బాత్రూముల్లో ఆడవాళ్ల వైపు సీట్లు మగవాళ్ల వైపుకు రెట్టింపు ఉండాలి. తడి బట్టలు, చంటిపిల్ల, చీర, బ్యాగు అన్నీ ఒకే చేతిలో ఉన్న మనిషికి ఎంతసేపు పడుతుందో ఆలోచిస్తే ఈ లెక్క అర్థమవుతుంది. రెండు చోట్లయినా వెస్టర్న్ సీటూ పట్టుకోవడానికి కడ్డీ ఉండాలి. బట్టలు మార్చుకునే గదిలో తగిలించడానికి కొక్కేలు మూడు, కూర్చోవడానికి పొడి బల్ల, తలుపు కింది నుంచి పైదాకా సందు లేకుండా. పిల్లకు పాలిచ్చే గది ఒకటి, ఫ్యాన్‌తో. ఇవన్నీ కలిపినా ఒక చిన్న రైడ్ ఖరీదు కాదు.

నీళ్లలోకి దిగేవాళ్లకు నైలాన్ బట్టలు తప్పనిసరి చేయడం సబబే. కాటన్, జీన్స్ పీచు ఫిల్టర్లను మూసేస్తుంది, తడిసిన చీర ఈత రానివాళ్లను కిందికి గుంజుతుంది. అయితే అద్దె కౌంటర్‌లో ఉండేది పొట్టి బట్టలే అయితే మన ఊళ్ల ఆడవాళ్లు ఒడ్డునే కూర్చుంటారు. ఫుల్ చేతుల, కాళ్ల దాకా ఉండే సూట్లు అన్ని సైజుల్లో పెట్టండి, ఉతికి ఎండేసినవి కళ్లకు కనిపించేలా అరల్లో పేర్చండి. వాటర్ జోన్‌లోకి దిగే ఆడవాళ్ల సంఖ్య ఆ సీజన్‌లోనే పెరుగుతుంది.

ఇక సద్ది సంగతి. “బయటి తిండి అనుమతి లేదు” అనే బోర్డు మన ప్రాంతంలో పార్కుకు చెడ్డపేరు తెచ్చినంతగా పాడైన రైడ్ కూడా తేదు. తెల్లవారుజామున లేచి పులిహోర కలిపి, సకినాలు డబ్బాకెత్తుకుని వచ్చిన తల్లిని గేటు దగ్గర బ్యాగు విప్పమంటే ఆ కుటుంబం లోపలికి పోయే ముందే మిమ్మల్ని శపిస్తుంది. గేటు లోపలే, రైడ్ల కంటే ముందు, ఒక సద్ది మండపం కట్టండి. బండలు పరిచిన నేల, ఫ్యాన్లు, తాగునీళ్లు, చేతులు కడుక్కునే నల్లాలు, చెత్తబుట్టలు. ఇంటి తిండి అక్కడ తినొచ్చు, అక్కడి నుంచి లోపలికి తీసుకుపోకూడదు. గాజు సీసాలు, మద్యం అసలే వద్దు. మీ క్యాంటీన్ అమ్మకం పడిపోతుందని భయపడకండి. అన్నం తెచ్చుకున్నవాళ్లు మిర్చి బజ్జీ, ఉడికించిన మక్కకంకి, ఐస్‌క్రీం, చాయ్ కొంటారు. క్యాంటీన్‌లో మూడు రకాల నూడుల్స్ బదులు సర్వపిండి వేడివేడిగా పెనం మీద కాల్చి ఇచ్చి చూడండి. ధర బయటి హోటల్ కంటే బాగా ఎక్కువ ఉంటే జనం కొనరు, పైగా ఊరంతా చెబుతారు.

ఈ మండపానికి ఇనుప జాలీ వేయించండి. కోతుల సంగతి మీకు నేను చెప్పక్కర్లేదు.

మూడో పని: ఉన్న రైడ్లను నమ్మదగ్గవిగా చేయండి

పార్కును ఎంత పెంచినా ఒక్క ప్రమాదంతో పేరు పోతుంది. రైడ్ల భద్రతకు బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) ప్రమాణం ఐఎస్ 15475, వాటర్ పార్కులకు ఐఎస్ 15492 ఉన్నాయి. రెండూ తెప్పించి మీ మెయింటెనెన్స్ ఇన్‌చార్జితో కలిసి చదవండి. రోజూ చేయాల్సింది మాత్రం ఇది.

ప్రతి రైడ్‌కూ ఒక లాగ్ బుక్. పొద్దున తెరిచే ముందు బోల్టులు, పిన్నులు, బార్ల లాకులు, గ్రీజు, బ్రేకులు, విద్యుత్ ఎర్తింగ్ చూసి, ఖాళీగా రెండు మూడు ట్రిప్పులు తిప్పి, చూసిన మనిషీ నడిపే మనిషీ ఇద్దరూ సంతకం పెట్టాలి. ఆ పేజీలో సంతకం లేకుంటే టికెట్ కౌంటర్ ఆ రైడ్‌కు టికెట్ ఇవ్వకూడదు. మేనేజర్ ఫోన్ చేసి చెప్పినా సరే. ఏడాదికోసారి, జనం తక్కువుండే వానాకాలంలో, ముఖ్యమైన వెల్డింగులకూ షాఫ్టులకూ పగుళ్లు పట్టే డై పెనెట్రెంట్ (రంగు ద్రవం), అల్ట్రాసోనిక్ (ధ్వని తరంగాల) పరీక్షలు బయటి ఇంజనీర్లతో చేయించండి. పెయింట్ కింద పగులు కంటికి కనిపించదు. కొత్త రంగు వేసి సరిపెట్టే పార్కుల్లో అసలు భయం అదే.

రిపేరు చేసేవాడు మెయిన్ స్విచ్‌కు తాళం వేసి, చెవి తన జేబులోనే పెట్టుకోవాలి. స్విచ్ మీద “పని జరుగుతోంది” అని అట్టముక్క తగిలిస్తే చాలదు. ఎవరో తెలియక స్విచ్ వేస్తే సిబ్బంది ప్రాణాలే పోతాయి.

చున్నీ, జడ, చీర కొంగు: వీటి గురించి విదేశీ మాన్యువల్‌లో రాసి ఉండకపోవచ్చు. గో కార్ట్‌లో వెనక తిరిగే ఇరుసు తెరిచి ఉంటే జుట్టు, చున్నీ చుట్టుకుని ప్రాణం మీదికి వస్తుంది. ఇరుసుకూ ఇంజన్‌కూ పూర్తి మూత వేయకుండా గో కార్టింగ్ నడపకండి. ఎక్కే చోట రబ్బరు బ్యాండ్లు, తలకు టోపీలు, చున్నీ పెట్టడానికి బుట్ట ఉచితంగా ఉంచండి. “జాగ్రత్త” అని మైకులో అరవడం కంటే చేతికి బ్యాండ్ ఇవ్వడం పనిచేస్తుంది.

మే నెల సాయంత్రం పడమట మబ్బు లేస్తే పది నిమిషాల్లో గాలి వచ్చేస్తుంది. జెయింట్ వీల్ మీద గాలి వేగం కొలిచే మీటర్ బిగించి, తయారీదారు చెప్పిన పరిమితికి ముందే దించడం మొదలుపెట్టాలి. పై డబ్బా దాకా ఖాళీ కావడానికి ఎంతసేపు పడుతుందో ముందే కొలిచి పెట్టుకోండి, ఆ నిమిషాలు మీ లెక్కలో ఉండాలి. ఉరుము వినిపిస్తే కొలనులు ఖాళీ. చివరి ఉరుము తర్వాత అరగంటకు మళ్లీ దిగనివ్వొచ్చు. కరెంటు పోతే ఎత్తులో ఇరుక్కున్నవాళ్లను చేత్తో దించే పద్ధతి ప్రతి రైడ్‌కూ ఉండాలి, నెలకోసారి సిబ్బందితో ఆ డ్రిల్ చేయించాలి. జనరేటర్ ఉంది కదా అని దీన్ని వదిలేయొద్దు.

లైఫ్‌గార్డుల విషయంలో చాలాచోట్ల వాడే కొలత ఒకటుంది: తనకు ఇచ్చిన నీటి భాగాన్ని పది సెకన్లలో ఈ చివర నుంచి ఆ చివర దాకా చూసేయాలి, మునిగే మనిషిని ఇరవై సెకన్లలో చేరాలి. అంత చేయలేనంత పెద్ద భాగం ఇస్తే తప్పు గార్డుది కాదు, ప్లాన్‌ది. గార్డు చేతిలో ఫోన్ ఉండకూడదు, అతనికి నీడ ఉండాలి, అరగంటకోసారి చోటు మారాలి. కొలను అడుగున నీళ్లు పీల్చే జాలీలు కనీసం రెండు, దూరదూరంగా, ఊడని మూతలతో ఉండాలి. ఒక్కటే ఉంటే పిల్లల చెయ్యో జుట్టో దానికి అతుక్కుని పైకి రాలేరు.

నాలుగో పని: నీళ్ల లెక్క తేల్చుకోకుండా వేవ్ పూల్ ఊసెత్తకండి

20 మీటర్ల వెడల్పు, 30 మీటర్ల పొడవు, సగటున ఒక మీటరు లోతున్న అలల కొలనుకు ఆరు లక్షల లీటర్లు కావాలి. ఒకసారి నింపితే సరిపోదు. మే ఎండకు రోజుకు 8 మిల్లీమీటర్లు ఆవిరైందనుకున్నా ఆ కొలనులోంచి 4,800 లీటర్లు గాల్లో కలుస్తాయి. అలలకు ఎగిరిపడేది, ఒంటికి అంటుకుని బయటికి పోయేది, ఫిల్టర్ కడగడానికి పోయేది దీని మీద అదనం. ఊరి బోర్లు ఎండే నెల, మీకు ఎక్కువ నీళ్లు కావాల్సిన నెల ఒక్కటే. పక్క రైతు బోరు మే నెలలో ఆగిపోయి, మీ గోడ అవతల రెయిన్ డ్యాన్స్ పాటలు వినిపిస్తుంటే ఏం జరుగుతుందో ఊహించండి.

అందుకని విస్తరణలో మొదటి గుంత కొలనుకు కాకుండా వాన నీటికి తవ్వండి. షెడ్ల మీద, పార్కింగ్ మీద పడే నీటినంతా ఒక చెరువు లాంటి గుంతలోకి మళ్లించండి. లైనింగ్ వేస్తే నిల్వకు, వేయకుంటే భూమిలో ఇంకడానికి. ఫిల్టర్ కడిగిన నీటిని తెరిచిన ట్యాంకులో ఒకటి రెండు రోజులు ఉంచితే క్లోరిన్ ఎగిరిపోతుంది, చెట్లకు పారించొచ్చు.

కొలనులో క్లోరిన్ 1 నుంచి 3 పీపీఎం (పది లక్షల భాగాల నీటికి 1 నుంచి 3 భాగాలు), పీహెచ్ 7.2 నుంచి 7.8 మధ్య ఉండాలి. ఎండ క్లోరిన్‌ను గంటల్లో తినేస్తుంది కాబట్టి పొద్దున ఒక్కసారి కొలిచి వదిలేస్తే మధ్యాహ్నానికి ఆ నీళ్లు రక్షణ లేనివే. రెండు గంటలకోసారి కొలిచి, ఆ అంకెను కొలను పక్కన నల్లబోర్డు మీద రాయించండి. చదువుకున్న తల్లిదండ్రులు దాన్ని ఫోటో తీసుకుంటారు. పిల్లల కొలను నీరు గంటకోసారి మొత్తం ఫిల్టర్ అయ్యేలా పంపు ఉండాలి, పెద్ద కొలనుకు అంత వేగం అక్కర్లేదు.

ఐదో పని: భూమి

పక్క భూమి కొనే ముందు మూడు చూడండి. ఒకటి, చెరువు శిఖం, ఎఫ్‌టీఎల్ (చెరువు నిండితే నీళ్లు వచ్చే హద్దు), దాని చుట్టూ వదలాల్సిన బఫర్. వరంగల్ చుట్టూ కాకతీయుల కాలం నుంచి గొలుసుకట్టు చెరువులు. ఎండాకాలంలో చదునుగా కనిపించే జాగా ఆగస్టులో నీళ్లలో ఉండొచ్చు. నీటిపారుదల శాఖ మ్యాపు చూడకుండా అడ్వాన్స్ ఇవ్వకండి. రెండు, రక్షిత కట్టడాలు. ఏఎస్ఐ (కేంద్ర పురావస్తు శాఖ) రక్షణలో ఉన్న కోట, గుళ్ల చుట్టూ 100 మీటర్ల లోపల కొత్త నిర్మాణం నిషిద్ధం, ఆపై ఇంకో 200 మీటర్ల దాకా అనుమతి కావాలి. మూడు, నేల. నల్లరేగడి అయితే వానకు ఉబ్బుతుంది, ఎండకు పగులుతుంది, ఎత్తైన రైడ్ పునాది వంగితే ట్రాక్ కూడా వంగుతుంది. మట్టి పరీక్ష చేయించి, అవసరమైతే అండర్ రీమ్డ్ పైల్స్ (అడుగున ఉబ్బెత్తుగా ఉండే పునాది స్తంభాలు) వేయించండి. 1213లో కట్టిన రామప్ప గుడికి ఇసుక నింపిన పునాది వేసినవాళ్ల నేల ఇది, మనం మట్టి పరీక్షకు బద్ధకిస్తే ఎట్లా.

నాలా కన్వర్షన్ (సాగు భూమిని వేరే వాడకానికి మార్చడం), కుడా (కాకతీయ పట్టణాభివృద్ధి సంస్థ) లేదా మున్సిపల్ అనుమతి, ఫైర్ ఎన్‌ఓసీ, కరెంటు సంస్థ ఎన్‌పీడీసీఎల్ దగ్గర లోడ్ పెంపు: వీటికి పట్టే నెలలు పని షెడ్యూల్‌లో ముందే వేసుకోండి.

ఆరో పని: ఏం కలపాలి

2016 నుంచి రావిర్యాల దగ్గర వండర్‌లా ఉంది, 1996 నుంచి రామోజీ ఫిల్మ్ సిటీ ఉంది. వరంగల్ నుంచి హైదరాబాద్ సుమారు 145 కిలోమీటర్లు. పెద్ద కోస్టర్ కోసం తపించే కుర్రాడు ఎట్లాగూ అక్కడికి పోతాడు. మీరు గెలవాల్సింది గంటా గంటన్నర దూరంలో ఉన్న కుటుంబాన్ని.

కాబట్టి మొదట నాయనమ్మా మనవరాలూ కలిసి ఎక్కేవి: నెమ్మదిగా నడిచే రైలు, పడవ, పిల్లల ఎత్తుకు తగ్గ చిన్న కోస్టర్, నీళ్లు నెమ్మదిగా పారే కాలువ లాంటి లేజీ రివర్. తర్వాత పైకప్పు ఉన్నది ఒకటి. జూన్ నుంచి సెప్టెంబరు దాకా వాన మీ ఆదాయాన్ని తింటుంది, వాన పడ్డా నడిచేది ఒక్కటైనా ఉండాలి.

ఆ పైకప్పు కింద ఏం పెట్టాలో నాకు ఒక పిచ్చి ఉంది: బొగ్గు బాయి. 1871లో ఇల్లందు దగ్గర బొగ్గు కనుక్కున్నారు, 1889లో తవ్వడం మొదలైంది, 1920 నుంచి సింగరేణి పేరు. గోదావరిఖని, మందమర్రి, బెల్లంపల్లి, భూపాలపల్లి ఇళ్లలో తాతో తండ్రో బాయిలోకి దిగినవాడే. కానీ మనవడు బాయి లోపల చూడలేదు. చీకటి సొరంగంలో బొగ్గు మోసే టబ్బుల్లాంటి డబ్బాల్లో కూర్చోబెట్టి, తలకు క్యాప్ ల్యాంపు పెట్టి, పారతో గంపల్లోకి ఎత్తిన తట్టా చెమ్మస్ రోజుల నుంచి యంత్రాల దాకా చూపిస్తూ పది నిమిషాలు తిప్పండి. వేగం అక్కర్లేదు, చల్లదనం, చప్పుడు, చీకటి చాలు. కథ రాయించడానికి రిటైర్డ్ కార్మికులను పిలవండి. వాళ్లకు తెలిసిన మాటలు ఏ డిజైనర్ దగ్గరా దొరకవు. ముంబైలో అమ్మే ప్లాస్టిక్ డైనోసార్లు ఏ ఊళ్లోనైనా ఉంటాయి. ఈ రైడ్ మాత్రం మన దగ్గర తప్ప ఇంకెక్కడా అతకదు.

గనిలో జరిగిన ప్రమాదాలను మాత్రం ఆటగా చూపించకండి. ఎక్కేవాళ్లలో వాటిని అనుభవించిన ఇళ్లవాళ్లుంటారు.

పెద్ద థ్రిల్ రైడ్ ఈ రెండింటి తర్వాతే. సెకండ్ హ్యాండ్ అయితే తయారీ సంవత్సరం, అసలు డ్రాయింగులు, మొదటి నుంచీ లాగ్ బుక్కులు ఉంటేనే బేరం మొదలుపెట్టండి. కాగితాలు పోయాయంటే వదిలేయండి, ఎంత చౌకైనా. కొత్తదైనా విడిభాగం మన దేశంలో ఎన్ని రోజుల్లో వస్తుందో రాతపూర్వకంగా అడగండి.

ఏడో పని: ఏడాదిని పంచుకోండి

పత్తి పైసలు నవంబరు నుంచి, మిర్చి పైసలు ఫిబ్రవరి నుంచి చేతికొస్తాయి. వరంగల్‌లోని ఎనుమాముల వ్యవసాయ మార్కెట్ కళకళలాడే నెలల్లో ఊళ్ల కుటుంబాలకు ఆఫర్లు పెట్టండి. జూన్, జూలైల్లో విత్తనాలు, స్కూలు ఫీజుల తలనొప్పి ఉంటుంది, అప్పుడు ప్రకటనల మీద ఖర్చు దండగ. ఆ నెలలు మెయింటెనెన్స్‌కు వదిలేయండి. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా స్కూలు పిక్నిక్‌లు. ప్రిన్సిపాల్ అడిగేది బస్సు పార్కింగ్, పిల్లల లెక్కకు చేతిపట్టీలు, టీచర్లకు ఉచితం, వేళకు భోజనం. ఇవి ఒకే కాగితం మీద ముద్రించి పంపండి.

బతుకమ్మ తొమ్మిది రోజులూ ఆట స్థలంగా ఒక మైదానం, వేయడానికి ప్రత్యేకంగా ఒక చిన్న కోనేరు ఉంచండి. పూలు ఫిల్టర్ ఉన్న కొలనులో వేస్తే పంపు పోతుంది. ఆ సాయంత్రాల్లో బతుకమ్మతో వచ్చే ఆడవాళ్లకు ప్రవేశం ఉచితం చేయండి, పిల్లలు రైడ్లు ఎక్కుతారు. రెండేళ్లకోసారి మేడారం జాతరప్పుడు మాత్రం పార్కుకు పెద్దగా ఆశ పెట్టుకోవద్దు. దారిలో ఉన్నా, మొక్కు మీద పోయేవాళ్లు ఆగరు. ఆ వారం సిబ్బందికి సెలవిస్తే వాళ్లూ జాతరకు పోతారు.

ఎనిమిదో పని: గేటు దాకా రప్పించడం

2023 డిసెంబరు 9 నుంచి పల్లె వెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో మహిళలకు ప్రయాణం ఉచితం. తల్లీ కూతుళ్లూ అక్కచెల్లెళ్లూ కలిసి వచ్చే గుంపులకు ఇది పెద్ద ఊతం. ఆర్టీసీ డిపో మేనేజర్‌తో మాట్లాడి మీ గేటు దగ్గర రిక్వెస్ట్ స్టాప్ పెట్టించుకోండి, ఆఖరి బస్సు వేళలు ఎగ్జిట్ దగ్గర పెద్ద అక్షరాలతో రాయండి, ఆ బస్సుకు అరగంట ముందు మైకులో చెప్పించండి. పార్కింగ్ విస్తరణ మీద కోట్లు పెట్టే ముందు ఈ పని చేయండి.

టికెట్‌లో రెండు రకాలు ఉండాలి: అన్ని రైడ్లతో ఒకటి, లోపల కూర్చోవడానికి మాత్రం ఒకటి, బాగా తక్కువ ధరకు. మోకాళ్ల నొప్పుల పెద్దనాన్న దగ్గర కోస్టర్ డబ్బులు వసూలు చేస్తే వచ్చేసారి ఆయన ఇంట్లోనే ఉంటాడు, ఆయన వెంట ఇంకో ఇద్దరూ ఉండిపోతారు. ధర వేసేటప్పుడు 18 శాతం జీఎస్టీ కలిపిన మొత్తాన్నే బోర్డు మీద రాయండి.

తొమ్మిదో పని: డబ్బు, దశలు

మీ అంకెలతో ఇట్లాంటి లెక్క వేయండి. ఆరు కోట్ల కోస్టర్ వల్ల ఏడాదికి పదిహేను వేల మంది అదనంగా వచ్చి, మనిషికి 350 రూపాయలు మిగిలితే 52.5 లక్షలు. పెట్టుబడి తిరిగి రావడానికి పదకొండేళ్లు పైనే, వడ్డీ కలపకుండానే. అదే కోటి ఇరవై లక్షలతో నీడ, బాత్రూములు, మండపం, క్యూలు చేసి, జనం ఇంకో గంట ఉండి, మనిషికి సగటున 40 రూపాయలు అదనంగా మిగిలితే, ఏడాదికి లక్షా ఇరవై వేల మంది మీద 48 లక్షలు. రెండున్నరేళ్లు. కోస్టర్ వద్దని కాదు, దానికి కావాల్సిన డబ్బును ముందు ఇది సంపాదించి పెట్టాలి.

కాబట్టి మొదటి ఏడాది రెండో, మూడో పనులు, చెట్లు, వాన నీటి గుంత. రెండో ఏడాది చివరికి కుటుంబ రైడ్లు, పైకప్పు హాలు. మూడో ఏడాది తర్వాతే పెద్దది. పని జరుగుతున్న వైపు రేకుల కంచె ఎత్తుగా కట్టి, దాని మీద వచ్చేదేమిటో బొమ్మ వేయించండి. వెల్డింగు, క్రేన్ పని పార్కు మూసిన వేళల్లోనే.

కొత్త రైడ్‌ను మే ఆదివారం నాడు తెరవకండి. సెప్టెంబరులో, దసరా సెలవులకు ముందు, మొదట ఇసుక బస్తాలతో, తర్వాత సిబ్బందితో, ఆ తర్వాత సిబ్బంది ఇళ్లవాళ్లను పిలిచి వారం పది రోజులు నడపండి. క్యూ ఎక్కడ ముడిపడుతుందో, బార్ ఎవరికి బిగుతుగా ఉందో, బయట కూర్చున్నవాళ్లకు ఎండ ఎటునుంచి కొడుతుందో రాసుకుని, బెంచీలు జరిపి, అప్పుడు టికెట్ పెట్టండి.